ఏడో లెవెల్ గాలి ఎటు పోయింది

నా దీపం బిళ్ళ గుంజుకున్నరు. ట్రంకు తీగ పీకి గని గాలిని ఆగం చేసిందని నా పేరు మీద ఎర్రగీత కొట్టిండ్రు. ఏడో లెవెల్ల అరవై రెండు మందికి ఊపిరాడకుంటె లేవని కలం, పుట్టగొడుగులు వాడిపోంగనే లేచింది. బిళ్ళ లేకుంటె దీపం ఇయ్యరు. దీపం లేకుంటె ఏ గ్యాలరీల అడుగు పెట్టనియ్యరు. అంటె పని చేయనియ్యరు, చేయలేదని మల్ల తిడ్తరు.

గని సభకు రాస్తున్న. కింద ఉన్నయి నా లింకు పుస్తకం నుంచి దించిన రాతలు. ఒక్క అక్షరం మార్చలే. నాకు సమజు కానిది సమజు కాలేదనే రాసిన. చాన చోట్ల అదే రాసి ఉంటది.

ఎంట్రీ 212. మొదటి షిఫ్టు.

మా లెవెల్ల మల్ల తలనొప్పి మొదలైంది. పోయిన నెల నాలుగు రోజులు ఇట్లనే ఉండి బందైంది. ఇప్పుడు మల్ల. లేస్తె నోరు చేదు, మెట్లెక్కితె ఆయాసం. నా పక్క మంచం లచ్చక్కకు ఎనిమిదో నెల. కూసోని నిద్రపోతున్నది, పండుకుంటె గుండె మీద ఎవరో కూసున్నట్టున్నదట.

తూర్పు కంట్రోల్ రూముకు పోయి తెర చూసిన. ఏడో లెవెల్, చెడుగాలి నూటికి అర కన్న తక్కువ. పచ్చ రంగు. గాలి లెక్క చూసే ఓవర్‌మన్ భీమయ్య సారు చాయ్ తాగుతున్నడు.

"తెర పచ్చగున్నది కద పిల్లా. పని చేయబుద్ది కాకుంటె తల నొస్తది."

"నొస్తున్నది నా తల సారూ, తెర తల కాదు."

"నీ తల ఎప్పుడు బాగుండె?"

అందరు నవ్విండ్రు. నేను సెన్సరు పాడైంది అనుకున్న. సెన్సరు మారుస్తె అయిపోతది అనుకున్న.

ఎంట్రీ 213. రెండో షిఫ్టు.

సెన్సరు మార్చిన. కొత్తది. డబ్బా ఇప్పి నా చేతులతోని బిగించిన. తెర మీద అదే అంకె, అదే పచ్చ.

దవాఖాన నుంచి చేతి మీటరు అడుక్కొచ్చిన. మంచాల నడుమ పెడ్తె నూటికి రెండున్నర. అర లోపలుంటె మంచి గాలి. రెండు దాటితె తల నొస్తది. మూడు దాటితె ఆ చోట ఎవరిని పండుకోనియ్యొద్దు, ఇది గని రూలు, గోడ మీద రాసే ఉంటది.

రెండున్నర ఎక్కడ, అర ఎక్కడ? భీమయ్య సారు మీటరు చేతిల పట్టుకోని ఇటు తిప్పి అటు తిప్పి, "ఇది మా నాయిన కాలంది" అన్నడు. అంతే. మీటరుది తప్పు, నాది తప్పు, తెరది మాత్రం కాదు.

ఎంట్రీ 215. మొదటి షిఫ్టు.

ఇక మిగిలింది లింకు. తీగలతోని పెట్టెలు కలిపే లింకు నా పని.

మాది పడమర. మా లెవెల్, మా పక్కన బానక్క పుట్టగొడుగుల షెడ్డు, రెండిటి సెన్సర్లు పడమర స్విచ్చు పెట్టెకు కట్టి ఉంటయి. ఫ్యాన్లన్ని తూర్పు షాఫ్టు కాడ, తూర్పు పెట్టెకు కట్టి ఉంటయి. రెండు పెట్టెల నడుమ రెండు కిలోమీటర్ల ట్రంకు తీగ. గని ముచ్చట్లన్ని ఆ ఒక్క తీగలనే పోతయి. కలిసిపోకుంట ఒక్కో ముచ్చటకు ఒక్కో నంబరు తగిలిస్తరు, దాన్ని వీల్యాన్ అంటరు. నంబరు చూసి అవతలి పెట్టె ఎవరిది వాళ్లకు అందిస్తది. ఏడో లెవెల్ గాలి ఇరవై. షెడ్డు గాలి ఇరవై ఒకటి.

నాకు ఇది ఎవరు నేర్పలే. ఎండలకు ఆగలేక అందరు గనిల దిగకముందటి పుస్తకం ఒకటి దొరికింది, మొదటి నలభై పేజీలు లేవు. నలభై ఒకటో పేజీ నుంచి నాకు తెలుసు. అంతకు ముందు ఏమున్నదో తెలియదు. ఈ వారం ఆ నలభై పేజీల మీద నాకు చాన కోపం వచ్చింది.

తూర్పు పెట్టె అడిగిన: లింకు ఉన్నదా? ఉన్నది. ట్రంకేనా? ట్రంకే. ఇరవై పోనిస్తున్నవా? పోనిస్తున్న. ఇరవై ఒకటి? పోనిస్తున్న. నంబరు లేకుంట వచ్చేదాన్ని ఎందుల వేస్తున్నవు? ఒకటిల. రెండు కిలోమీటర్లు నడిచిపోయి పడమర పెట్టెను అవే అడిగిన. అవే జవాబులు. రెండు పెట్టెలు ఒక్క మాట మీద ఉన్నయి. తప్పు ఒక్కటి లేదు. తప్పు లేనప్పుడు తల ఎందుకు నొస్తున్నది?

ఎంట్రీ 216. మూడో షిఫ్టు మొదట్ల.

లచ్చక్క లేవలే. పిలిస్తె పలకలే. పెదవులు నీలం. ఆమె పెనిమిటి రాజలింగు భుజం మీద వేసుకోని దవాఖానకు ఉరికిండు. నేను మీటరు పెట్టిన. నాలుగు.

కంట్రోల్ రూముకు ఫోన్ కొట్టిన. "తెర మీద ఎంతున్నది సారూ?"

"పావు. ఇంత మంచి గాలి ఈ నెలల రాలే."

"ఇక్కడ నాలుగున్నది. మనిషి పడిపోయింది."

"తెర మీద పావున్నది నవతా."

ఫోన్ పెట్టేసిన. మా లెవెల్ల ఫ్యాను గాలి వచ్చే గొట్టం కాడ చెయ్యి పెడ్తె గాలి లేదు. పాణం పోయేటట్టున్నప్పుడు ఫ్యాను పండుకున్నది. ఇంకేం తోచలే. తీగ కొస పాడైందేమో చూద్దామని పడమర పెట్టె నుంచి ట్రంకు పీకిన. నిజంగ పరీక్ష కోసమే పీకిన, అది కూడ రాస్తున్న.

ఐదు నిమిషాలకు గొట్టం గుయ్యుమన్నది. చాపలు లేచేంత గాలి. లెక్క అందకుంటె ఫ్యాను మొత్తం జోరు తిరగాలె, అది ఫ్యానుకు పెట్టిన రూలు. గంటల మీటరు అరకు దిగింది. జనం లేచి కూసోని ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నరు.

తీగ మల్ల పెట్టిన. పావు గంటల గాలి తగ్గింది. మల్ల పీకిన. గాలి వచ్చింది.

లింకు తెగితె మంచిగున్నం, లింకు కలిస్తె సస్తున్నం. నా పుస్తకంల ఇట్లాంటిది లేదు. నలభై ఒకటి నుంచి మూడు వందల పన్నెండు దాక యాడ లేదు. నా పనే లింకు కలుపుడు. తీగ చేతిల పట్టుకోని ఎంతసేపు నిలబడ్డనో తెలియదు.

పీకే ఉంచిన. రెండు షిఫ్టులు. ఇది పరీక్ష కాదు. ఇది కావాలని చేసిన.

ఎంట్రీ 217. రెండో షిఫ్టు.

భీమయ్య సారు ఇద్దరు మనుషులతోని వచ్చిండు. తీగ పెట్టించిండు. షెడ్డు ఫ్యాను కూడ రెండు షిఫ్టులు మొత్తం జోరు తిరిగిందట, బానక్క కోతల సగం ఎండిపోయిందట.

"గనికి నెల రోజుల కూర అది. ఎవరు పీకమన్నరు?"

"లచ్చక్క పీకమన్నది సారూ. మాట రాకుంట అడిగింది."

"ఎక్కువ మాట్లాడకు. బిళ్ళ తియ్యి."

తీసిచ్చిన. ఇయ్యకుంటె గుంజుకునేటోళ్లు, గుంజుకున్నరనే రాస్తున్న. నాకు అట్లనే ఉన్నది.

ఎంట్రీ 219.

పని లేదు. ఎంట్రీ రాయొచ్చో లేదో తెలియదు. రాస్తున్న.

లచ్చక్క కండ్లు తెరిచింది. లోపల బిడ్డ గుండె కొట్టుకుంటున్నదట. డాక్టరమ్మ మల్ల మా లెవెల్‌కు పంపొద్దు అంటది, మంచాలు లేవు పంపక తప్పదు అని కూడ ఆమెనే అంటది. ఇంక ఆరు రోజులు ఉంచుకుంటదట.

బానక్క కాడికి పోయిన. షెడ్డు మా లెవెల్ పక్కనే, దీపం లేకున్న పోవచ్చు. కొడ్తదనుకున్న. తడి గోనెసంచులు కప్పుతున్నది, ఒక సంచి నా మొఖాన కొట్టింది.

"కప్పు. నిలబడి సూస్తవేంది? నువ్వు ఎండబెట్టినయే ఇవి."

కప్పిన. కప్పుకుంట తప్పైందక్కా అన్న. ఆమె ఉమ్మేసింది.

"నువ్వు రెండు షిఫ్టులే ఎండబెట్టినవు. మీ లెవెలోళ్లు రెండు నెలల సంది ఎండబెడ్తున్నరు, వాళ్లను ఏమనాలె?"

"మా లెవెలోళ్లు నీ షెడ్డు దిక్కు రారు కదక్కా."

"రారు. గాని మీవోళ్లు షిఫ్టు దిగి ఇంటికి చేరంగనే నా ఫ్యాను మొదలు పెడ్తది. మీరు పండుకున్నంతసేపు ఆగది. మీరు పనికి పోయినంక సల్లవడ్తది. మీ దిష్టి నా పంట మీద పడ్డది పో."

"ఎప్పటి సంది అంటివి?"

"నడుమ గ్యాలరీ కప్పు కూలినప్పటి సంది. చెవులు లేవా?"

చెవులున్నయి. తలనే లేదు. మా తలనొప్పి కూడ ఆ కూలుడు తర్వాతనే మొదలైంది. పోయిన నెల నాలుగు రోజులు నొచ్చింది ఎప్పుడు? బానక్క కోత కోసి షెడ్డు కడిగి ఖాళీగ ఉంచిన నాలుగు రోజులు. పుట్టగొడుగులు కూడ మనలెక్కనే చెడుగాలి ఇడుస్తయి. షెడ్డు నిండుగుంటె మా ఫ్యాను తిరుగుతది. షెడ్డు ఖాళీగుంటె పండుకుంటది, ఇప్పుడు మొదటి కోతకు సగం ఖాళీ అయింది. మేం ఇంట్ల ఉంటె ఆమె ఫ్యాను తిరుగుతది.

మా ఊపిరి లెక్క ఆమెకు పోతున్నది. ఆమె పంట లెక్క మాకు వస్తున్నది. మేం ఎంత ఉక్కిరిబిక్కిరైతె ఆమె ఫ్యాను అంత జోరు, ఆమె షెడ్డు గాలి అంత మంచిగ, ఆ మంచి అంకె చూసి మా ఫ్యాను అంత మెల్లగ.

ఎట్ల? రెండు పెట్టెలు ఒక్క మాట మీద ఉన్నయి, నేను అడిగి చూసిన. ఎట్ల?

ఎంట్రీ 221.

నేను చెప్తె ఎవరు నమ్మరు, కాబట్టి నలుగురి ముందు చూపిద్దామనుకున్న. పన్నెండు మందిని సెన్సరు చుట్టు నిలబెట్టిన. మిగిలినోళ్లు షిఫ్టు దిగి రాకముందు, గాలి కొంచెం మంచిగ ఉన్నప్పుడు. సెన్సరు మీద ఊదమన్న.

రాజలింగు అడిగిండు, "ఊదితె ఏమైతది?"

"బానక్క తిడ్తది. తిట్లు ఇనబడితె నేను గెలిచినట్టు."

ఊదిండ్రు. బుగ్గలు ఉబ్బిచ్చి, ఒకరి తుంపర ఒకరి మీద పడంగ. కొందరు నవ్వు ఆపలేక కూలబడ్డరు. మూడు నిమిషాలకు గోడ అవతల నుంచి షెడ్డు గొట్టం గుయ్యుమన్నది, దాని మీద నుంచి బానక్క గొంతు: "ఎవడ్రా! ఇప్పుడే తడిపిన గద!"

నవ్వు ఆగింది. రాజలింగు గోడ దిక్కు చూస్తనే ఉన్నడు. వాని పెండ్లాం ఊపిరి రెండు నెలల సంది ఆ గోడ అవతలి షెడ్డు ఫ్యాను తిప్పింది.

ఎంట్రీ 222.

పడమర పెట్టె చూసేది ఓదెలు తాత. పడమర నంబర్లన్ని ఆయన చేతిలనే: దీపాల బిళ్ళలు, గ్యాలరీ గేట్లు, హాజరు పిలిచే ముస్టరు బోర్డు, పెట్టెల తీగలు గుచ్చే పోర్టులు. నన్ను లోపలికి రానిచ్చిండు. బిళ్ళ ఏదని అడగలే.

"తాతా, ఏడో లెవెల్ సెన్సరు ఏ నంబరుల పెట్టినవు?"

"ఇరవై ఒకటి."

"షెడ్డుది?"

"ఇరవై."

ఇన్ని రోజులు నేను ట్రంకునే అడిగిన. ఇరవై పోనిస్తున్నవా, ఇరవై ఒకటి పోనిస్తున్నవా అని. ఇరవైల ఎవరున్నరు అని అడగలే. పోర్టులు చూడలే. ఇరవై అంటె మా లెవెలే అని నా తలల ఉన్నది, పెట్టెల లేదు. ఈ తప్పు నాది. రాస్తున్న.

"ఎవరు మార్చిండ్రు?"

"నేనే మార్చిన బిడ్డా. జోడీ కట్టిన."

జోడీ ఏందో తూర్పు సభ్యులకు తెలియకపోవచ్చు. పడమర గ్యాలరీలల ఒకే కూలుడు నుంచి ఇద్దరు పాణాలతోని బయటపడితె, ఆ ఇద్దరి దీపం నంబర్లు మార్చి ఇస్తరు. ఈయనది ఆయనకు, ఆయనది ఈయనకు, సచ్చేదాక. ముస్టరుల ఒకరి నంబరు పిలిస్తె రెండో మనిషి పలుకుతడు. ఒకన్ని మరిచి ఇంకొకడు పైకి రాకుంట అని. మా నాయినకు కూడ జోడీ ఉండె.

"మనుషులకు కడ్తరు తాతా. గాలికి ఎందుకు కట్టినవు?"

"నడుమ గ్యాలరీ కూలితె ఇటు మీ లెవెలు, అటు షెడ్డు. రెండిట్ల ఒక్క పాణం పోలే. ఒక్కటే కూలుడు, ఇద్దరు బతికిండ్రు. కట్టకుంటె తప్పు కాదా? గేట్ల మీద మార్చిన, బోర్డు మీద మార్చిన, పెట్టెల మార్చిన. సగం చేస్తె జోడీ కాదు."

"తూర్పోళ్లకు చెప్పలేదా?"

ఆయనకు కోపం వచ్చింది. "చెప్పకుంట ఎట్లుంట? చీటీ రాసి పంపిన. ఫలానా రోజు ఇరవై, ఇరవై ఒకటి జోడీ కట్టుకుంటున్నయి, మీ దిక్కు కూడ కట్టుండ్రి అని. భీమయ్య జవాబుగ రెండు కిలోల బెల్లం పంపిండు. అందరికి పంచిన. నువ్వు కూడ తిన్నవు."

తిన్న. మంచిగుండె.

ఎంట్రీ 223. మొదటి షిఫ్టు.

భీమయ్య సారును ముస్టరు కాడ పట్టుకున్న.

"చీటీ వచ్చిందా సారూ?"

"వచ్చింది. జోడీ ఫంక్షన్ పిలుపు. పోలేకపోయిన, బెల్లం పంపిన. మర్యాద తెలియదా నాకు?"

"పిలుపు కాదు సారూ, పని. మీ పెట్టెల కూడ మార్చాలె అన్నడు."

ఆయన ముస్టరు కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. తర్వాత, "అయితె ఓదెలునే వెనక్కి మార్చమను" అన్నడు. "నా దిక్కు అచ్చు కొట్టిన చార్టులున్నయి. బిళ్ళ లేని పిల్ల చెప్పిందని పెట్టె ముట్టుకోను."

ఓదెలు తాత కాడికి పోయిన. "జోడీ ఇప్పితె ఒకరు పోతరు" అన్నడు. "ఎవరు పోవాల్నో నువ్వే చెప్పు, ఇప్పుత." ఏడుస్తున్నడు. నాలుగు చూపించిన మీటరు సంగతి అప్పుడే తెలిసింది ఆయనకు. అయిన ఇప్పనంటడు.

నేను ఎవరి మీద అరవాలె? తాత రివాజు ప్రకారం చేసిండు, చీటీ కూడ పంపిండు. సారు మర్యాద ప్రకారం చేసిండు, బెల్లం పంపిండు. పెట్టెలు చెప్పింది చెప్పినట్టు చేసినయి. ట్రంకు ఇచ్చింది ఇచ్చినట్టు మోసింది. అందరు మంచిగనే చేసిండ్రు, లచ్చక్క పెదవులు నీలమైనయి. పుస్తకంల తప్పు దొరికితె సరిచేసుడు ఎట్లనో ఉన్నది. ఎవరు తప్పు చేయకుంటె ఏం చేయాల్నో లేదు. నాకు ఇప్పటికి సమజు కాలే.

ఒకటి మాత్రం సమజైంది. పడమర జోడీ ఇప్పే అవసరం లేదు. తూర్పు పెట్టెల ఆ రెండు ఫ్యాన్ల పోర్టులు అటుదిటు చేస్తె చాలు, జోడీ నిండుతది, గాలి ఎవరిది వాళ్లకు పోతది. రెండు లైన్ల రాత. నేనైతె చాయ్ చల్లారక ముందే చేస్త. తాతను అడిగిన, "అట్లయితె జోడీ ఇప్పినట్టా?" "కాదు బిడ్డా, అప్పుడే కట్టినట్టు" అన్నడు.

సభకు.

బానక్క మిగిలిన పంట ఎల్లుండి రెండో షిఫ్టుల కోస్తది. ఆపితె కుళ్ళిపోతది, ఆమె ఆపదు, ఆపమని నేను అడగను. కోసి కడిగినంక షెడ్డు నాలుగు రోజులు ఖాళీ. ఆ నాలుగు రోజులు మా ఫ్యాను తిరగదు. మొన్న నాలుగు దాక పోయినప్పుడు షెడ్డుల ఇంక పంట ఉండె. ఈసారి అది కూడ ఉండదు. మంచాలు లేవని లచ్చక్కను దవాఖానోళ్లు అదే రోజు మా లెవెల్‌కు పంపుతున్నరు.

తూర్పు పెట్టెల పోర్టులు మార్చుండ్రి. నన్ను మార్చనియ్యుండ్రి, లేకుంటె సారునే మార్చమనుండ్రి, నేను పక్కన నిలబడి చెప్త. మార్చినంక తెర చూసి మురవొద్దు, చేతి మీటరు పట్టుకోని మా మంచాల నడుమకు వచ్చి చూడుండ్రి. నా బిళ్ళ నాకియ్యుండ్రి. తీగ పీకిన షిఫ్టులు రెండు, వాటికి శిక్ష ఏదైతె అది వేయుండ్రి, పడ్త. గాని ఎర్రగీత పక్కన ఎందుకు పీకిన్నో కూడ రాయాలె, లచ్చక్క పేరుతోని రాయాలె.

నోటి మాట వద్దు. జవాబు కాయితం మీద, సభ సంతకంతోని, ఎల్లుండి మొదటి షిఫ్టు ముస్టరు గంట కొట్టే లోపల నా చేతికి రావాలె. రాకుంటె ఏడో లెవెల్ అరవై రెండు మందిమి ముస్టరుకు రాము. చాపలు తెచ్చుకోని కంట్రోల్ రూముల, మీ తెర ముందట, మీ గాలిల పండుకుంటం. లచ్చక్కకు గోడ పక్కన జాగ ఉంచుండ్రి.

రేణికుంట్ల నవత
లింకు పని, ఏడో లెవెల్